నేను చూళ్లేదు, మళ్లీ చెయ్యి

ఫోన్ వచ్చినప్పుడు వాకిట్లో కూర్చుని కానాగంతలు కోస్తున్నాను. టీచరమ్మ పోయిందని ఆమె కోడలు చెప్పింది. సరేనన్నాను. ఎప్పుడు తీస్తారని అడిగాను, చెప్పింది. ఫోన్ పక్కన పెట్టి మిగిలిన చేపలు కూడా కోసి, కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి మూత పెట్టాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. చీర మార్చుకుని వాకాడు ఆటో ఎక్కాను.

ఆమెది లోతట్టు పల్లె. వాకాడులో దిగి బస్సు మారాలి. దారి పొడుగునా వరి మళ్లే. ఇంటి ముందు షామియానా వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆమెను అద్దాల ఐసుపెట్టెలో ఉంచారు. మా పాళెంలో చేపల్ని ఐసులో పెడతాం. ఇప్పుడు మనుషుల్ని కూడా పెడుతున్నారు. వంగి చూశాను. రెండు చేతుల బొటనవేళ్లూ కలిపి తెల్లగుడ్డ పేలికతో కట్టారు. ఎవరు పోయినా కట్టేదే. మా ఆయనకు పక్కనుండి కట్టించాను, మా అత్తకు కట్టించాను. కానీ ఈమె చేతులు పని లేకుండా ఒకచోట ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. అందుకని రవంత ఎక్కువసేపు నిలబడ్డట్టున్నాను. వెనకనుంచి ఎవరో "జరుగమ్మా, మిగతావాళ్లు కూడా చూడాల" అన్నారు. జరిగాను.

ఒకాయన లేచి ఆమె ఎక్కడ చదివిందీ, ఏ ఏ ఊళ్లలో పనిచేసిందీ, ఎవరెవరు శాలువా కప్పిందీ చెప్పాడు. నేను సరిగా వినలేదు. విన్నా గుర్తుండేది కాదు. ఆమె పేరు కూడా ఇక్కడ రాయను. మా పాళెంలో ఆమెను ఎవరూ పేరుతో పిలవలేదు. నాకు తెలిసినంతవరకు రాస్తాను. నాకు అక్షరాలు వచ్చిందే ముసలితనంలో, అదీ ఆమె గదిలోనే, కాబట్టి రాయటం నామీదే పడింది.

మా పాళెం సముద్రం ఒడ్డున ఉంది. బడి తుపాను షెల్టరు పక్కన. ఒకప్పుడు ఐదో తరగతి దాకా ఉండేది. మూడునుంచి పైవాటిని ఊళ్లో పెద్దబడిలో కలిపేశాక ఒకటీ రెండూ మిగిలాయి. ఒక గది, ఒక టీచరు. నేను మధ్యాహ్నం వంట చేసేదాన్ని. పొద్దున్నే పాళెం మొదట్లోకి వాకాడు కాన్వెంటు ఆటో వస్తుంది. ఆటో ఎక్కే పిల్లలు పెరిగేకొద్దీ మా గదిలో పిల్లలు తగ్గుతారు. మరీ తగ్గితే గదికి తాళం వేసి, ఉన్నవాళ్లను కూడా పెద్దబడికి తోలేస్తారు. ఐదారేళ్ల బిడ్డ ఆ ఎండలో, ఆ ఇసకలో అంత దూరం నడవలేదు. నడవలేని బిడ్డ ఇంటి దగ్గర ఉండిపోతుంది. ఈ సంగతి మాకందరికీ తెలుసు. ఆమెకు వచ్చిన రోజే తెలుసు.

వచ్చిన రోజే నాతో పేచీ పెట్టుకుంది. అన్నం వడ్డించి చిన్నపిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతున్నాను. ఎప్పుడూ నేనే ఒలిచేదాన్ని, లేకపోతే వాళ్లకు పొద్దుగూకుతుంది. ఆమె వచ్చి నా చేతిలోని గుడ్డు తీసుకుని ఒక పిల్లవాడి కంచంలో పెట్టింది.

"వాడి గుడ్డు నువ్వెందుకక్కా ఒలిచేది?"

"వాడికి చేతకాదు."

"నువ్వే ఒలస్తా ఉంటే ఎప్పటికి చేతనవుతాది?"

"అప్పటిదాకా కూడు చల్లారిపోతాది టీచరమ్మా. గిన్నెలు తోమాల్సింది నేను గదా."

"చల్లారనీ. గిన్నెలు నేను తోమతా."

తోమింది లెండి, మసి మసిగానే ఉంచి. మర్నాడు నేను మళ్లీ తోముకున్నాను. ఆ పిల్లవాడు మాత్రం పెంకుతోబాటు తెల్లసొన సగం ఊడదీసి, పచ్చసొనను కంచమంతా దొర్లించి, మిగిలింది నోట్లో పెట్టుకుని ఆమె వైపు చూశాడు, మెచ్చుకుంటుందని. ఆమె గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"నేను చూళ్లేదు. రేపు మళ్లీ చెయ్యి" అంది.

అదే ఆమె మాట. బాగుంది అనేది కాదు, తప్పు అనేది కాదు. గుండీ పెట్టుకుంటే నేను చూళ్లేదు. చింతగింజలు పదేసి కుప్పలు పోస్తే నేను చూళ్లేదు. జల్లెడ పట్టిన రవ్వలో వేలితో గీత గీస్తే నేను చూళ్లేదు. పిల్లలు విసుక్కునేవాళ్లు కాదు. చూడలేదంటే మళ్లీ చెయ్యాలి గదా, అందులో కోపానికేముంది. అసలు ఆమె అన్నీ చూసేది. గోడవైపు తిరిగి కూడా చూసేది. రెండోసారి చేసేటప్పుడు పిల్లల చేతులు నిదానమవుతాయి. దానికోసం ఆ అబద్ధం చెప్పేదని నాకు చాన్నాళ్లకు తెలిసింది.

ఒక పిల్ల ఇంటికి పోయి "మా టీచరమ్మకు కళ్లు సరిగా కనపడవు, పాపం" అని చెప్పింది. మర్నాడు ఆ పిల్ల తల్లి పొన్నగంటాకు కట్టొకటి తెచ్చి గది ముందు నిలబడింది.

"ఇది తిను టీచరమ్మా. మా నాయనకు దీంతోనే చూపొచ్చింది."

ఆమె నవ్వలేదు. కట్ట తీసుకుని వాసన చూసి, "పప్పులో వెయ్యక్కా" అని నాకిచ్చింది. ఆ పూట పిల్లలూ మేమూ అందరం పొన్నగంటాకు పప్పే తిన్నాం.

మనిషి పొట్టి. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకునేది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నేల మీద కూర్చునేది. బియ్యం సంచి కత్తిరించి కుట్టుకున్న సంచి ఒకటి భుజాన ఉండేది. బస్సులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోయేది. కండక్టరే మా స్టాపు దగ్గర లేపేవాడు. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు మొహం చూసేది కాదు, చేతులు చూసేది. నన్ను మొదటిసారి చూసినప్పుడు నా అరచెయ్యి తిప్పి, ఉప్పుకు పగిలిన చోట వేలు పెట్టి "నొప్పిగా ఉంటాదా" అంది. అప్పుడే పరిచయం. చెయ్యి లాక్కున్నాను.

ముద్దు చేసే మనిషి కాదు. ఏడ్చే పిల్లను ఎత్తుకునేది కాదు. మొదటి రోజు తల్లి వదిలి వెళ్లగానే పిల్లలు గుక్కపెడతారు. ఆమె ఒక పళ్లెంలో కందిపప్పూ పెసలూ కలిపి పోసి ముందుకు తోసేది.

"ఏడువమ్మా, నీ ఇష్టం. ఏడస్తా ఏరు."

పిల్ల ఏడుస్తూనే ఏరేది. కొంతసేపటికి ఏడుపు ఎక్కడ ఆగిందో పిల్లకే తెలిసేది కాదు. కలిపి పాడుచేసిన నా పప్పు మాత్రం ఆ పూటకు సాంబారయ్యేది. పాట పాడితే కాకులు లేచేవి. పిల్లల నాయనల పేర్లు ఒక్కటీ గుర్తుండేది కాదు. దారిలో ఎవరైనా నమస్కారం పెడితే, "నువ్వు కత్తెర సరిగా పట్టని పిల్ల నాయనవి గదా" అనేది.

గదిలో బల్లలు గోడకు జరిపించేసింది. చేపల వ్యాపారులు పారేసిన థర్మాకోల్ పెట్టెల మూతలు తెచ్చి, వాటిలో సన్న ఇసక పోసి పిల్లల ముందు పెట్టింది. అందులో వేలితో రాయాలి. వల బెండ్లు తాడుకు గుచ్చి పదేసి ముడి వేస్తే లెక్కలు. కొబ్బరి చిప్పలు రెండు కట్టి తక్కెడ చేసింది. ఒకపక్క చేప, ఇంకోపక్క గులకరాళ్లు. గవ్వలు రంగు ప్రకారం ఒకసారి, సైజు ప్రకారం ఒకసారి ఏరించేది. గది పొడుగెంతో పాదాలతో కొలిపించేది. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వచ్చేది. ఎవరిది కరెక్టని వాళ్లు కొట్టుకుంటుంటే ఆమె కాళ్లు చాపుకుని చూసేది.

ఇసక మూతలు తుడిచే పని నాకు పెట్టింది. ఒకరు రాశాక చెరిపి ఇంకొకరికి ఇవ్వాలి.

"తుడిచే ముందు అదేందో చెప్పి తుడువక్కా" అంది.

"నాకేం తెలుసు టీచరమ్మా?"

"పక్కనున్న పిల్లని అడుగు."

అడిగేదాన్ని. పిల్ల చెప్పేది. తుడిచేదాన్ని. అట్లా తుడిచి తుడిచి ఒకరోజు వాకాడు బస్సు మీద పేరు చదివి ఎక్కాను. ఆమెతో చెప్పాను. "నేను చూళ్లేదు గదక్కా" అంది. అంతే. అంతకన్నా దాని గురించి చెప్పుకోవటానికేమీ లేదు.

పాళెంలో వాళ్లకు ఇదంతా నచ్చలేదు. చేపలు వేలం వేసే షెడ్డు దగ్గర ఆడవాళ్లు అనుకునే మాటలు నా చెవిన పడేవి. ఇసకలో ఆడుకోవటానికి బడికి పంపాలా, ఇంటిముందు ఇసక లేదా అనేవాళ్లు. అందరిలోకి పోలమ్మ నోరు పెద్దది. పోలమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని లోతట్టు ఊళ్లు తిరుగుతుంది. ఆమె పెద్దపిల్ల అప్పుడు ఒకటో తరగతిలో ఉంది. నన్ను అత్తా అని పిలుస్తుంది గానీ మాటలో మర్యాద అంతవరకే.

"ఏమత్తా, మీ టీచరమ్మ ఈరోజు ఏం చెప్పింది, సముద్రం ఉప్పగా ఉంటాదనా?"

"నీ కూతుర్ని అడుగు."

"అడిగినా. గవ్వలు ఏరిందంట. గవ్వలు ఏరితే కలెక్టరుద్యోగం ఇస్తారా?"

ఆ వానాకాలమే వల గొడవ వచ్చింది. పోలమ్మ మొగుడి పాత వల ఒకటి వాళ్ల చూరుకు వేలాడుతుంటే, టీచరమ్మ పోయి పిల్ల చేత అడిగించి తెచ్చింది. నేల మీద పరిచి, ఒక్కో కన్నులో ఒక్కో గింజ పెట్టించి లెక్కపెట్టిస్తోంది. ఇంతలో ఒక పిల్ల లేచి వల ఈ అంచునుంచి ఆ అంచుకు దూకింది. టీచరమ్మకు అది భలే నచ్చింది. వలను సన్నగా మడిచి, కొంచెం కొంచెం వెడల్పు చేస్తూ, ఎవరు ఎంత దూరం దూకుతారో చూద్దామంది. ఆడపిల్లలు, మగపిల్లలు, అందరూ దూకుతున్నారు.

నేను పొయ్యి దగ్గరనుంచి లేచి పోయాను.

"టీచరమ్మా, వల దాటిస్తా ఉండావు."

"పాతదే గదక్కా. చినిగేదేముంది."

చినగటం గురించి కాదని చెప్పబోయాను. ఆమె అప్పటికే అటు తిరిగి సుద్దముక్కతో గీత గీస్తోంది.

సముద్రంలోకి పోయివచ్చిన వలను మా వాళ్లు దాటరు. ఆడవాళ్లు అసలు దాటకూడదు. వరి పండించే ఇంట్లో పుట్టినామెకు ఇది తెలియదు. ఆ వారం పోలమ్మ మొగుడి పడవకు చేప పడలేదు. రెండోసారి, మూడోసారి పోయినా పడలేదు. పిల్ల ఇంట్లో దూకుడాట సంగతి చెప్పింది. అంతే, పెద్దలు కూర్చుని దురాయి వేశారు. దురాయి అంటే మా పాళెం కట్టుబాటు. ఒకసారి వేస్తే ఎవరూ మీరకూడదు. టీచరమ్మ పెద్దల ముందుకు వచ్చి నిలబడేదాకా ఏ ఇంటి పిల్లా ఆ గది గడప తొక్కకూడదని చాటించారు.

మర్నాడు గదిలో ఆమె, నేను. వండిన అన్నం వండినట్టే ఉంది. ఆమె మూతల్లో ఇసక సర్దుతూ కూర్చుంది. "రెండు రోజులు ఇట్టాగే ఉంటే ఆఫీసుకు తెలస్తాదక్కా" అంది. "తెలిస్తే ఇంక తాళమే." ఆ మాటలో భయం నేను అప్పుడే విన్నాను. మధ్యాహ్నం లేచి, చెప్పులు గది ముందే వదిలి, వేలం షెడ్డుకు నడిచింది.

షెడ్డు కింద మగవాళ్లు కూర్చుని ఉన్నారు, ఆడవాళ్లు వెనక నిలబడ్డారు, పిల్లలు ఐసు డబ్బాలెక్కారు. పాళెం పెద్దాయన నెమ్మదిగానే మొదలుపెట్టాడు.

"అమ్మా, నువ్వు లోతట్టునుంచి వచ్చినదానివి. తెలవక చేసినావనుకుంటాం. వల మాకు గంగమ్మతో సమానం."

"తెలవదు పెద్దాయనా. ఈ అక్క చెప్పింది. పాతదే గదా అనుకున్నా."

వెనకనుంచి ఒకడు అందుకున్నాడు. "మీ అమ్మ ముసల్దయితే దాటుకుంటా పోతావా టీచరమ్మా?"

నవ్వారు. ఆమె నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు.

"పోను. తప్పే. ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తా."

వలకు పసుపునీళ్లు పోసి కడిగి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాలన్నారు. కడగటానికి ఒక ఆడమనిషిని పిలవబోతే, నేనే కడుగుతానంది. కుచ్చిళ్లు దోపుకుని కూర్చుంది. వల తడిస్తే బరువు. అంచు ఎట్లా పట్టుకోవాలో తెలియక చేతికి చుట్టుకుంది. పెద్దాయన ఇట్లా అని చూపించాడు. మళ్లీ చుట్టుకుంది. ఐసు డబ్బా మీదనుంచి ఒక పిల్ల గట్టిగా అంది.

"మేము చూళ్లేదు టీచరమ్మా, మళ్లీ చెయ్యి."

పాళెమంతా నవ్వింది. పెద్దాయన కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంక అయిపోయింది, అందరూ లేస్తారనుకున్నాను. అప్పుడు పోలమ్మ ముందుకొచ్చింది.

"వల సంగతి అయిపోయింది. నా సంగతి చెప్పు టీచరమ్మా. నేను తెల్లారకముందే లేచి తట్ట నెత్తిన పెట్టుకొని ఊళ్లు తిరిగేది ఎందుకో తెలుసునా? నా కూతురు చేప ముట్టకూడదని. నువ్వేమో బళ్లో చేపని తక్కెట్లో పెట్టి తూయిస్తా ఉండావు. గవ్వలు, బెండ్లు, వలలు. ఇవి నేర్చుకోడానికి నా ఇల్లు చాలదా? మీ బిడ్డకి బళ్లో మడక దున్నేది నేర్పించినారా?"

ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ తడి చేతులతోనే కళ్లద్దాలు తీసింది, మళ్లీ పెట్టుకుంది. అద్దాలకు పసుపు అంటుకుంది.

"లేదమ్మా. నేర్పించలా" అంది.

"మరి?"

"రేపటినుంచి అవి తేను."

"అందరి ముందర ఊరకే అంటా ఉండావు."

"నువ్వొచ్చి కిటికీ కాడ నిలబడి చూడు."

పెద్దలు దురాయి తీసేశారు. సాయంత్రం బస్సు దాకా ఆమెతో నడిచాను. దారిలో అడిగింది.

"ఆమె అన్నది నిజమేనాక్కా?"

"నిజమే."

"నువ్వు నాకు ముందే చెప్పొచ్చు గదా."

"వల సంగతి చెప్పినా, వినలా. ఇది నువ్వు అడగలా."

"ఇంట్లో ఉండేవే అయితే పిల్లకాయలు సులువుగా అందుకుంటారనుకున్నా."

"అందుకుంటారు. అదే గదా ఆమె బాధ."

బస్సు ఎక్కింది. ఆ రోజు సంచి ఒళ్లో పెట్టుకుంది గానీ నిద్రపోలేదు. కిటికీలోంచి చూశాను.

మర్నాడు వచ్చేసరికి సంచి నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది, అంత బరువు. ఇసక పారబోయించి, వాళ్ల ఊరి ఎర్రమట్టి దంచి జల్లించి మూతల్లో పోసింది. చేపలు లేవు, గవ్వలు లేవు. బెండ్ల దండలు నాకిచ్చి పొయ్యిలో వెయ్యమంది. నేను వెయ్యలేదు, వాటికి కంపు వస్తుందని బయట పారేశాను. వాటి బదులు వరి వెన్నులు తెచ్చింది. రోజూ అన్నం తినే పిల్లలు వడ్లగింజను గోటితో ఒలిచి, లోపల బియ్యం గింజ చూసి అరిచారు. తర్వాత ఆగిపోయిన గోడగడియారం, టార్చిలైట్లు, చెరువు బంకమట్టి, తలుపు బందులు, బోల్టులు, నట్లు. సముద్రం ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. పిల్లల చేతులకు పని మాత్రం తగ్గలేదు. అది తగ్గించమని ఎవరూ అడగలేదు గదా అంది నాతో.

అన్నిటికన్నా తాళాలు బాగా నడిచాయి. ఎవరెవరి ఇళ్లలోనో అడిగి తెచ్చిన పాత తాళాలు ఒక కుప్ప, తాళంచెవులు ఒక కుప్ప. ఏ చెవి దేనికో వెతుక్కోవాలి. పోలమ్మ నిజంగానే వచ్చి కిటికీ దగ్గర నిలబడేది, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని. తట్టలోనుంచి నీళ్లు కారి గోడ తడిసేది.

"ఏంది పోలమ్మా, నీక్కూడా అడ్మిషను కావాల్నా?" అన్నాను ఒకరోజు.

"నా బిడ్డని చూసుకోడానికి వచ్చినా, నీ మొహం కాదు."

ఆ పిల్ల ఒక ఇత్తడి తాళంతో కుస్తీ పడుతోంది. చెవి దూరింది గానీ తిరగటం లేదు. పోలమ్మ కమ్మీల మధ్యనుంచి చెయ్యి లోపలికి పెట్టింది.

"రవంత పైకెత్తి తిప్పు మే."

టీచరమ్మ స్కేలుతో కమ్మీ మీద కొట్టింది. "చెప్పమాక. దాని చేతికే తెలియనీ."

పోలమ్మను అట్లా అన్నవాళ్లు మా పాళెంలో లేరు. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. పోలమ్మ చెయ్యి వెనక్కు తీసుకుని నోరు మూసుకుంది. చాలాసేపటికి తాళం టక్కుమంది. పిల్ల తలెత్తి చూసింది. టీచరమ్మ గోడవైపు తిరిగి ఉంది.

"నేను చూళ్లేదు."

"నేను చూసినా" అంది పోలమ్మ కిటికీలోంచి.

"నువ్వు చూస్తే ఏం లాభం?"

పోలమ్మ తిట్టలేదు. పెద్దపిల్ల ఒకటీ రెండూ ఆ గదిలోనే పూర్తిచేసింది. ఆటో ఎక్కే పిల్లలు ఆగారని చెప్పను, కొందరు ఎక్కుతూనే ఉన్నారు. కానీ పోలమ్మ పంపినంతకాలం ఇంకో నాలుగిళ్లవాళ్లు కూడా పంపారు. గది నిలిచింది.

పోయిన సంవత్సరం ఆమెకు కడుపులో జబ్బు చేసింది. నెల్లూరు ఆస్పత్రికి తిరగటం మొదలుపెట్టింది. సంక్రాంతి సెలవుల తర్వాత బడికి రాలేదు. ఆమె బదులు వేరే ఊరినుంచి ఒకబ్బాయి కొన్నాళ్లు వచ్చిపోయాడు. మంచి అబ్బాయే. బల్లలు మళ్లీ మధ్యకు జరిపించాడు. ఎండలు ముదిరాక ఆమెనుంచి ఫోన్ వచ్చింది. గొంతు సన్నబడింది.

"అక్కా, జూన్లో ఒకటో తరగతికి పిల్లకాయలు చాలరంట. ఇంకొకరు చేరినా గది ఉంచుతామంటా ఉండారు ఆఫీసులో. పోలమ్మ చిన్నోడు ఉండాడు గదా."

"ఉండాడు. కాన్వెంటులో మాట్లాడుకొనొచ్చింది."

"నేను అడిగినానని చెప్పు. ఒక్కసారి అడిగి చూడు."

ఆ సాయంత్రమే పోయాను. పోలమ్మ వాకిట్లో రొయ్యల పొట్టు తీస్తోంది. చిన్నవాడు పక్కన కూర్చుని వాడూ తీస్తున్నాడు. తీయొద్దని ఆమె అంటూనే ఉంది, వాడు తీస్తూనే ఉన్నాడు. సంగతి చెప్పాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"ఆమె తిరిగొస్తాదా అత్తా?"

నాకు తెలుసు. కోడలు నాకు చెప్పి ఉంది.

"రాదు" అన్నాను.

"బాగైనాక?"

"బాగుకాదు."

పోలమ్మ ఒక రొయ్య తీసింది, ఇంకొకటి తీసింది. "వస్తాదంటే కాన్వెంటు మానిపించి ఉంటా. నీ మీదొట్టు. ఆమె లేనప్పుడు ఆ గదిలో ఏముంది, తలుపూ కిటికీ."

"పాళేనికి బడి ఉంటాది."

"పాళేనికి ఉంటాది. నా బిడ్డకేముంటాది?"

వస్తుందని నేనొక మాట అని ఉంటే వాడిని చేర్పించేది. నాకు తెలిసిన పోలమ్మ మాట తప్పదు. కానీ రాని మనిషిని వస్తుందని ఎట్లా చెప్పేది? జూన్లో గదికి తాళం వేశారు. నా వంట పని కూడా దాంతోనే పోయింది. పక్కింటి పిల్ల పెద్దబడికి నడవలేక ఇంటి దగ్గరే ఉంది. ఆ సాయంత్రం మాత్రం పోలమ్మ దగ్గరనుంచి ఇంటికొచ్చి టీచరమ్మకు ఫోన్ చేశాను.

"చేర్పిస్తాదంటనా?"

"లేదు."

"నేను వస్తానా అని అడిగిందా?"

"అడిగింది. రావని చెప్పినా."

ఆమె లేచి కూర్చున్నట్టుంది, ఫోన్లో మంచం కిర్రుమంది.

"నువ్వు పోయినప్పుడు వాడేం చేస్తా ఉండాడు?" అని అడిగింది.

"ఎవరు?"

"చిన్నోడు."

"రొయ్యల పొట్టు తీస్తా ఉండాడు."

"ఏ చేత్తో?"

గుర్తు తెచ్చుకున్నాను. "ఎడం చేత్తో."

"తల పట్టుకొనింది ఏ చేత్తో? పొట్టు లాగింది ఏ చేత్తో?"

"పట్టుకొనింది కుడి చేత్తో. లాగింది ఎడం చేత్తో. సందేహం లేదు టీచరమ్మా, వాడు పురచెయ్యి వాటం వాడే."

"అయితే కాన్వెంటులో చెయ్యి మార్పించొద్దని చెప్పమను పోలమ్మని. ఆడ కొట్టి మార్పిస్తారు. ఎడం చేత్తోనే రాయనిమ్మను. పలక కుడివైపుకు వాల్చి పెట్టమను, చెయ్యి తిరగతాది. మరిచిపోకక్కా."

గది సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆయాసం వచ్చి పెట్టేసింది.

పోలమ్మకు చెప్పాను. ఆమె చిన్నవాడి వైపు చూసింది. వాడు ఎడం చేత్తో ముక్కు తుడుచుకుంటున్నాడు. ఆ చేతి మీద వాడికి రోజూ దెబ్బలే, నేను చూస్తూనే ఉన్నాను.

"నేను వాడిని కూర్చోబెట్టి మార్పిస్తా ఉంటే ఇదొకటా" అంది. తర్వాత లేచి రొయ్యల నీళ్లు పారబోసి వచ్చింది. "సరే. బళ్లో చెప్తా. రాసేది వాడి ఇష్టం. కూడు మాత్రం కుడిచేత్తోనే తినాల. అది నేను ఒప్పుకోను, ఆ టీచరమ్మ లేచొచ్చి చెప్పినా సరే."

ఈ మాట చెప్దామని మర్నాడు ఫోన్ చేశాను. కోడలు ఎత్తింది. అత్తమ్మకు మందిచ్చాం, పడుకొని ఉంది, లేచినాక చెప్తాను, ఏం చెప్పాల అని అడిగింది. రాతకి ఎడం చెయ్యి, కూటికి కుడి చెయ్యి, పోలమ్మ ఒప్పుకుందని చెప్పమన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఉండండి పెద్దమ్మా అని, కాగితం వెతుక్కుని, నా చేత మళ్లీ చెప్పించుకుని రాసుకుంది.